పదికి ఆరు

నేను పొగ తాగను.
రాసిపెట్టడానికి పిలిచారు నన్ను,
నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని.

కెండల్ ఊరి వెనక, కొండ దిగే దారిలో,
ఒకప్పుడు గొర్రెల ఉన్ని ఆరబెట్టిన రేకుల షెడ్డు.
దాని మీద నవంబరు వాన,
ఎవరో బస్తా విప్పి శనగలు పోస్తున్నట్టు.
లోపల ఐదుగురు మగవాళ్లు, ఒక ఈనిడ్, ఒక కిటికీ.
బల్ల మీద ఏడు గాజు సీసాలు.
అంకెలే, పేర్లు లేవు.

పెద్ద పోటీ ఏం కాదు.
గెలిచినవాడికి ఒక ఇత్తడి కూజా,
అదీ వచ్చే ఏడు తిరిగి ఇచ్చేయాలి.
ఈసారి మెత్తని ఇంగ్లీషు మిశ్రమాల వంతు.

తీర్పరి విల్ఫ్ టైసన్.
ముప్పై ఒక్కేళ్లు సిగ్నల్ క్యాబిన్‌లో లీవర్లు లాగిన చేతులు
చిటికెడు ఆకు తీసి
పసిబిడ్డ జుట్టు చిక్కు తీసినట్టు విడదీస్తాయి.
పరీక్షకి మట్టి పైపే వాడతాడు.
"చెక్క పైపుకి జ్ఞాపకం ఎక్కువ,
నిన్నటి ఆకు చాడీలు ఇవాళ్టి ఆకుకి మోస్తుంది."

మొదటి అగ్గిపుల్ల ఉత్తదేనట,
ఆకుని నిద్ర లేపడానికి.
అది ఉబ్బి పైకి లేస్తుంది, మేకు తలతో అణచాలి.
రెండో పుల్లకి అసలు సంగతి.
ఆపైన తొందరపడ్డావా, నాలుక కరుస్తుంది.

ఆయన చెబుతుంటే రాశాను:
ఒకటి. తడిసిన కంబళి. తోలు. చివర్లో ఉప్పు.
రెండు. వర్జీనియా తీపి ఎండుగడ్డిలా బాగుంది,
లటాకియా మటుకు తలుపు తట్టకుండా వచ్చేసింది.
మూడు. అత్తరు. పక్కన పెట్టు.
నాలుగు దగ్గర చాలాసేపు ఆగాడు.
"తూర్పు ఆకు వగరు బాగా కుదిర్చారు.
కుదిర్చారని తెలిసిపోతోంది. అంతే లోపం."

లటాకియా ఎక్కడిదని అడిగాను.
సైప్రస్‌లో కొట్టు కప్పుకి వేలాడదీసి
కింద కొండపొదల కొమ్మలతో పొగ పెడతారట,
ఆకు బొగ్గు రంగుకి తిరిగేదాకా.
అంటే మనం తాగకముందే ఒకసారి పొగ తాగిన ఆకు.
"అందుకే దానికంత అనుభవం," అంది ఈనిడ్,
జోస్ బిర్కెట్ వైపు చూస్తూ.
జోస్ ఒక్కడే నవ్వలేదు.

"ఘాటుని తూచడం ఎవరికైనా వచ్చు," అన్నాడు విల్ఫ్.
"అరిచేవాడి మాట వీధి చివరికీ వినిపిస్తుంది.
గొణిగేవాడి దగ్గరికే కుర్చీ జరుపుకోవాలి."
ఇది రాయాలా అని అడిగాను.
వద్దన్నాడు. రాశాను.

ఆరో సీసా దగ్గర మూడుసార్లు ఆరింది పైపు.
మూడుసార్లూ విసుక్కోకుండా వెలిగించాడు.
ఉప్పులేని బిస్కెట్టు కొరికి, నీళ్లు పుక్కిలించి, మళ్లీ.
"మర్యాద ఉంది. మరీ మర్యాద.
లటాకియా ఉండాల్సిన చోట
దాని కుర్చీ మాత్రం ఉంది.
పదికి ఆరు."

ఏడూ అయ్యాక ఈనిడ్ చీటీలు విప్పింది.
ఆరు: విల్ఫ్రెడ్ టైసన్. పంతొమ్మిదేళ్ల కిందటిది.
జోస్ వాళ్ల నేలమాళిగలో దొరికిందట,
మూత చుట్టూ మైనం, మైనం మీద విల్ఫ్ బొటనవేలు.
ఘాటెక్కువని ఆ ఏడు దాన్ని పోటీలోంచి తీసేసింది
జోస్ తండ్రే.
(లటాకియా అంతేనట. సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ
గొంతు తగ్గించుకుంటుంది.
ఆ మాట నాకెవరూ ముందు చెప్పలేదు.)

అందరూ బూట్లు చూసుకున్నారు.
నా పెన్ను అంకె మీద ఆగింది.
ఆరు పైకొస వంచి మూస్తే ఎనిమిది,
నా గుండ్రటి దస్తూరీకి అదెంత పని.

విల్ఫ్ కాగితం వైపు చూడనేలేదు.
"ఆరే," అన్నాడు.
మేకుతో బూడిద గీకి,
నాలుగో సీసావాడికి కూజా ఇచ్చి,
టోపీ పెట్టుకుని గుమ్మందాకా పోయి, వెనక్కొచ్చి
ఆరో సీసా చంకన పెట్టుకున్నాడు.
"ఇంకో నాలుగేళ్లు చూద్దాం."

బస్సులో శాలువా ముక్కు దగ్గర పెట్టుకున్నాను,
ఏడింట్లో ఏ పొగ అంటుకుందో చూద్దామని.
తడిసిన కంబళి.
మార్కులు వేయబోయి గుర్తొచ్చింది,
అది నిజంగానే తడిసిన కంబళి.